సియెర్రా లియోన్‌లో శాంతి పునఃస్థాపన

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో 1991 మార్చి నుండి 2002 జనవరి వరకు అంతర్యుద్ధం జరిగింది. ఆ యుద్ధాన్ని ఆపడానికి, ఆగిన తరువాత దేశాన్ని తిరిగి నిలబెట్టడానికి ఐక్యరాజ్యసమితి, పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి, బ్రిటన్, సియెర్రా లియోన్ ప్రభుత్వం చేపట్టిన చర్యలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ చరిత్రలో దీనిని సాధారణంగా ఒక విజయంగా లెక్కిస్తారు. అయితే ఆ విజయానికి ముందు రెండు ఒప్పందాలు విఫలమయ్యాయి, శాంతి దళమే ఒక దశలో బందీగా మారింది. తుపాకి పట్టినవారికి ముందుగా సహాయం అంది, వారి చేతిలో గాయపడినవారికి చాలా ఆలస్యంగా అందడం ఈ ప్రయత్నంలో నేటికీ చర్చకు వచ్చే విషయం.

ఈ యుద్ధంలో సుమారు 50,000 మంది మరణించారని ఎక్కువగా ఉదహరించే అంచనా. అప్పటి జనాభా సుమారు 45 లక్షలు కాగా, అందులో 20 లక్షలకు పైగా ప్రజలు ఇల్లు వాకిలి విడిచి వలస వెళ్ళవలసి వచ్చింది.

నేపథ్యం

సియెర్రా లియోన్‌కు ఉత్తరాన, తూర్పున గినియా, ఆగ్నేయాన లైబీరియా, పడమర అట్లాంటిక్ మహాసముద్రం ఉన్నాయి. రాజధాని ఫ్రీటౌన్. 1961 ఏప్రిల్ 27న బ్రిటన్ నుండి స్వాతంత్ర్యం పొందింది. మెండే, తెమ్నే అనేవి పెద్ద జాతులు. ఆంగ్లం అధికార భాష అయినప్పటికీ ప్రజల మధ్య క్రియో భాష వాడుకలో ఉంది.

1968 నుండి అధికారంలో ఉన్న సియాకా స్టీవెన్స్ 1978లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యంగా మార్చాడు. 1985లో సైన్యాధిపతి జోసెఫ్ మోమోకు అధికారం అప్పగించి తప్పుకున్నాడు. ఈ కాలంలో ప్రభుత్వం అన్నది రాజధానికి పరిమితమైపోయింది. జిల్లాలలో ఉపాధ్యాయులకు జీతాలు సరిగా అందలేదు, 1972లో రద్దయిన స్థానిక మండళ్ళు తిరిగి ఏర్పడలేదు, చదువుకున్న యువకులకు పని దొరకలేదు. గ్రామాలలో భూమి, పెళ్ళి, జరిమానాల విషయంలో సంప్రదాయ అధిపతుల మాటే చెల్లుబాటు అయ్యేది. వారి తీర్పులతో విసిగిన యువకులే తరువాత తిరుగుబాటు దళానికి సులభంగా దొరికారని సత్యాన్వేషణ సంఘం నివేదిక పేర్కొంది.

మరొక కారణం వజ్రాలు. 1930లో కోనో జిల్లాలో తొలిసారి వజ్రాలు బయటపడ్డాయి. ఇక్కడి వజ్రాలలో చాలావరకు లోతైన గనులలో కాక నదుల ఒండ్రు మట్టిలో, గులకరాళ్ళ మధ్య దొరుకుతాయి. ఒకప్పుడు కృష్ణా తీరంలోని కొల్లూరు వద్ద గోల్కొండ వజ్రాల కోసం జరిగిన తవ్వకం కూడా ఇటువంటిదే. పార, జల్లెడ, మనుషులు ఉంటే చాలు. పెద్ద యంత్రాలు, పెట్టుబడి అవసరం లేని ఈ సంపదను కాపాడటం ప్రభుత్వానికి కష్టం, దోచుకోవడం సాయుధ ముఠాకు సులభం.

యుద్ధం

1991 మార్చి 23న లైబీరియా సరిహద్దులోని కైలాహున్ జిల్లాలోకి ఒక సాయుధ దళం ప్రవేశించింది. దీని పేరు రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ (ఆర్.యు.ఎఫ్.). నాయకుడు ఫోడే సంకో, సైన్యంలో కార్పొరల్‌గా పనిచేసినవాడు. లైబీరియాలో తిరుగుబాటు నడుపుతున్న చార్లెస్ టేలర్ ఇతనికి అండగా నిలిచాడు. అవినీతి ప్రభుత్వాన్ని కూల్చి ప్రజలకు సంపద పంచుతామని ఆర్.యు.ఎఫ్. ప్రకటించింది. కాని మొదటినుండీ గ్రామాలను దోచుకోవడం, పిల్లలను ఎత్తుకుపోయి సైనికులుగా మార్చడం, బాలికలను బలవంతంగా "భార్యలు"గా ఉంచుకోవడం దాని పద్ధతి. ప్రజల చేతులు, కాళ్ళు నరకడం ఈ యుద్ధానికి ప్రపంచమంతటా గుర్తుగా మిగిలింది. 1996 ఎన్నికల సమయంలో ఓటు వేయకుండా భయపెట్టడానికి చేతులు నరికిన సంఘటనలు నమోదయ్యాయి.

జీతాలు అందని ప్రభుత్వ సైన్యం 1992 ఏప్రిల్‌లో తిరుగుబాటు చేయగా, 25 ఏళ్ళ కెప్టెన్ వాలెంటైన్ స్ట్రాసర్ దేశాధినేత అయ్యాడు. పరిస్థితి మెరుగుపడలేదు. పగలు సైనికులు, రాత్రి తిరుగుబాటుదారులు అన్న అర్థంలో జనం "సోబెల్" అనే మాటను పుట్టించారు. సైన్యంపై నమ్మకం పోయిన గ్రామాలు సంప్రదాయ వేటగాళ్ళయిన కమాజోర్లతో సొంత రక్షణ దళాలను ఏర్పరచుకున్నాయి. 1995లో ప్రభుత్వం ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ అనే దక్షిణాఫ్రికా ప్రైవేటు సైనిక సంస్థను కిరాయికి తెచ్చుకుంది.

1996లో ఎన్నికలు జరిగి అహ్మద్ తేజన్ కబ్బా అధ్యక్షుడయ్యాడు. ఆయన ఐక్యరాజ్యసమితిలో చాలా కాలం పనిచేసిన అధికారి. అదే ఏడు నవంబరు 30న ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో ఆర్.యు.ఎఫ్.తో శాంతి ఒప్పందం కుదిరింది. అది ఆరు నెలలు కూడా నిలవలేదు. 1997 మే 25న మేజర్ జానీ పాల్ కొరోమా నాయకత్వంలో సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకుని ఆర్.యు.ఎఫ్.ను రాజధానికి ఆహ్వానించింది. అంతవరకు పరస్పరం పోరాడిన సైన్యం, తిరుగుబాటు దళం ఒకే ప్రభుత్వంగా కూర్చోవడం ప్రజలకు దిగ్భ్రమ కలిగించింది.

నైజీరియా నాయకత్వంలోని పశ్చిమ ఆఫ్రికా దేశాల సైనిక దళం ఎకోమాగ్ 1998 ఫిబ్రవరిలో వారిని ఫ్రీటౌన్ నుండి తరిమి, మార్చిలో కబ్బాను తిరిగి అధికారంలో నిలిపింది. కాని 1999 జనవరి 6న తిరుగుబాటుదారులు జనసమూహాల మధ్య కలిసిపోయి రాజధానిలోకి చొరబడ్డారు. ఎకోమాగ్ దళాలు వారిని వెనక్కు నెట్టేలోగా వేలమంది మరణించారు, నగర తూర్పు భాగం తగలబడింది.

లోమే ఒప్పందం

ఎకోమాగ్ భారం ఎక్కువగా నైజీరియాపైనే పడింది. ఆ దేశంలో 1999లో ఎన్నికైన పౌర ప్రభుత్వం తన సైనికులను వెనక్కు పిలవదలచింది. మరొక దేశం ఏదీ ముందుకు రాలేదు. ఈ పరిస్థితిలో కబ్బా ప్రభుత్వం 1999 జూలై 7న టోగో రాజధాని లోమేలో ఆర్.యు.ఎఫ్.తో మరొక ఒప్పందం చేసుకుంది.

దీని షరతులు వివాదాస్పదమైనవి. తిరుగుబాటుదారులందరికీ పూర్తి క్షమాభిక్ష లభించింది. ఆర్.యు.ఎఫ్.కు మంత్రి పదవులు దక్కాయి. అన్నిటికంటే విడ్డూరమైనది, ఫోడే సంకోను వజ్రాలు మొదలైన ఖనిజ వనరుల నిర్వహణ సంఘానికి అధ్యక్షునిగా, ఉపాధ్యక్ష హోదాతో నియమించడం. దోచుకున్నవాడికే ఖజానా తాళాలు ఇచ్చినట్లయిందని విమర్శలు వచ్చాయి. అయితే ఈ విమర్శ చేసిన దేశాలలో ఏదీ అప్పుడు సైన్యాన్ని పంపడానికి సిద్ధంగా లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సంతకాల సమయంలో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫ్రాన్సిస్ ఒకెలో ఒక మినహాయింపును నమోదు చేశాడు. జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు వంటి అంతర్జాతీయ నేరాలకు ఈ క్షమాభిక్ష వర్తించదని ఐక్యరాజ్యసమితి భావిస్తుందన్నది దాని సారాంశం. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ వాక్యమే తరువాత ప్రత్యేక న్యాయస్థానానికి దారి చూపింది.

ఐక్యరాజ్యసమితి దళం

1999 అక్టోబరు 22న భద్రతా మండలి 1270వ తీర్మానం ద్వారా ఐక్యరాజ్యసమితి సియెర్రా లియోన్ మిషన్ (ఉనామ్‌సిల్) ఏర్పడింది. తక్షణ హింసాభయంలో ఉన్న పౌరులను రక్షించాలని స్పష్టంగా ఆదేశం పొందిన మొదటి శాంతి దళం ఇదే. మొదట 6,000 మందితో ప్రారంభించి, 2000 ఫిబ్రవరిలో 11,100కు, మే నెలలో 13,000కు, 2001 మార్చిలో 17,500కు పరిమితి పెంచారు. ఆనాటికి ప్రపంచంలో ఇదే అతి పెద్ద ఐక్యరాజ్యసమితి దళం. మొదటి దళాధిపతి భారత సైన్యానికి చెందిన మేజర్ జనరల్ విజయ్ కుమార్ జెట్లీ.

కాగితంపై ఆదేశం బలంగా ఉన్నా, నేలపై పరిస్థితి వేరు. సైనికులు విడతలు విడతలుగా వచ్చారు. కొన్ని దేశాల దళాలు సరైన వాహనాలు, ప్రసార సాధనాలు లేకుండానే చేరుకున్నాయి. ఒప్పందానికి ఇరుపక్షాలూ కట్టుబడి ఉన్నాయన్న ఊహపైనే మొత్తం ప్రణాళిక ఆధారపడింది.

2000 మే సంక్షోభం

ఎకోమాగ్ చివరి దళాలు వెళ్ళిపోతున్న సమయంలో, 2000 మే మొదటి వారంలో, ఆర్.యు.ఎఫ్. శాంతి సైనికులపై దాడులకు దిగింది. దాదాపు 500 మందిని బందీలుగా పట్టుకుంది. వీరిలో ఎక్కువమంది జాంబియా సైనికులు. దళమంతా కూలిపోతుందన్న భయం కలిగింది.

మే 7న బ్రిటన్ సైనికులు ఫ్రీటౌన్‌లో దిగారు. ఆపరేషన్ పాలిజర్ అనే ఈ చర్య అసలు ఉద్దేశం విదేశీయులను సురక్షితంగా తరలించడం. బ్రిగేడియర్ డేవిడ్ రిచర్డ్స్ దానిని అంతటితో ఆపక, లుంగీ విమానాశ్రయాన్ని, రాజధానిని కాపాడే చర్యగా విస్తరించాడు. మే 8న సంకో ఇంటి ముందు ప్రజలు పెద్ద ఎత్తున నిరసన తెలుపగా, లోపలి నుండి కాల్పులు జరిగి అనేకులు మరణించారు. పారిపోయిన సంకో మే 17న పట్టుబడ్డాడు. బందీలలో చాలామంది లైబీరియా అధ్యక్షుడు టేలర్ మధ్యవర్తిత్వంతో విడుదలయ్యారు. తిరుగుబాటు వెనుక ఉన్నవాడే విడుదలకు మధ్యవర్తి కావడం, ఆర్.యు.ఎఫ్. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో లోకానికి చూపింది.

ఆపరేషన్ ఖుక్రీ

తూర్పున కైలాహున్‌లో ఉన్న భారత దళం కథ వేరు. ఇక్కడి 5/8 గూర్ఖా రైఫిల్స్ సైనికులు ఆయుధాలు అప్పగించడానికి నిరాకరించారు. రెండు వందలకు పైగా సైనికులు, 11 మంది సైనిక పరిశీలకులు సుమారు 75 రోజులు చుట్టుముట్టబడి ఉన్నారు. ఆహారం తగ్గుతూ వచ్చింది, వానాకాలం మొదలైంది. చర్చలు ఫలించలేదు.

జూలై 15 తెల్లవారుజామున ఆపరేషన్ ఖుక్రీ మొదలైంది. బ్రిటన్ ఇచ్చిన చినూక్ హెలికాప్టర్లలో భారత కమాండోలు కైలాహున్ సమీపంలో దిగారు. పరిశీలకులను హెలికాప్టర్లలో తరలించగా, గూర్ఖా సైనికులు దిగ్బంధాన్ని ఛేదించుకుని రోడ్డు మార్గాన బయలుదేరారు. నైజీరియా, ఘనా దళాలు కూడా ఇందులో పాల్గొన్నాయి. మరుసటి రోజుకు అందరూ దారు పట్టణం చేరుకున్నారు. ఈ చర్యలో ఒక భారత సైనికుడు మరణించాడు.

అయితే భారత దళం ఎక్కువ కాలం ఉండలేదు. దళంలోని నైజీరియా అధికారుల తీరును విమర్శిస్తూ జెట్లీ రాసిన ఒక పత్రం 2000 సెప్టెంబరులో పత్రికలకు ఎక్కింది. నైజీరియా తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. భారతదేశం, ఆ తరువాత జోర్డాన్ తమ దళాలను ఉపసంహరించుకుంటామని ప్రకటించాయి. కెన్యాకు చెందిన డేనియల్ ఒపాండే దళాధిపతి అయ్యాడు. భారత సైనికుల స్థానాన్ని తరువాతి కాలంలో ఎక్కువగా పాకిస్తాన్, బంగ్లాదేశ్ దళాలు భర్తీ చేశాయి.

అదే సెప్టెంబరు 10న బ్రిటన్ కమాండోలు వెస్ట్ సైడ్ బాయ్స్ అనే ముఠా స్థావరంపై దాడి చేసి, బందీలుగా ఉన్న తమ సైనికులను విడిపించారు. ఆ ముఠా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మరోవైపు, ఆర్.యు.ఎఫ్. గినియా భూభాగంలోకి చొరబడగా గినియా సైన్యం గట్టిగా ఎదురుదాడి చేసింది. యుద్ధం వల్ల లాభం తగ్గి, నష్టం పెరిగిన ఈ పరిస్థితిలో 2000 నవంబరు 10న నైజీరియా రాజధాని అబుజాలో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. ఈసారి అది నిలిచింది.

వజ్రాలపై నియంత్రణ

ఆయుధాలకు డబ్బు వజ్రాల నుండి వస్తుందని అందరికీ తెలిసినదే. సియెర్రా లియోన్ రాళ్ళు లైబీరియాకు చేరి, అక్కడి సరుకుగా యూరప్ మార్కెట్టుకు వెళ్ళేవి. లైబీరియా ఎగుమతులు ఆ దేశపు గనుల సామర్థ్యానికి ఎన్నో రెట్లు ఉండేవి.

2000 జూలై 5న భద్రతా మండలి 1306వ తీర్మానం ద్వారా, ప్రభుత్వ ధ్రువపత్రం లేని సియెర్రా లియోన్ ముడి వజ్రాల దిగుమతిని నిషేధించింది. 2001 మార్చిలో లైబీరియా వజ్రాలపై కూడా నిషేధం విధించాలని నిర్ణయించి, అది మే నెల నుండి అమలైంది. ఇదే కాలంలో వజ్రాలు పండే దేశాలు, కొనే దేశాలు, వ్యాపారులు దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో ప్రారంభించిన చర్చలు కింబర్లీ ప్రక్రియగా రూపొంది, 2003 జనవరి నుండి ప్రపంచవ్యాప్తంగా అమలులోకి వచ్చాయి. ముడి వజ్రాలలో అత్యధిక భాగాన్ని సానబట్టే సూరత్ వ్యాపారులకు కూడా అప్పటినుండి ధ్రువపత్రం తప్పనిసరి అయింది.

ఫలితం ఎగుమతి లెక్కలలో కనిపిస్తుంది. 1999లో సియెర్రా లియోన్ అధికారికంగా ఎగుమతి చేసిన వజ్రాల విలువ సుమారు 12 లక్షల డాలర్లు. 2004లో అది 12 కోట్ల డాలర్లు దాటింది. ఎగుమతి పన్నులో కొంత భాగం తవ్వకాలు జరిగే ప్రాంతాలకు తిరిగి ఇచ్చే నిధిని కూడా ఏర్పాటు చేశారు. అయితే నదిలో నిలబడి జల్లెడ పట్టే కూలీ ఆదాయం దీనివల్ల పెద్దగా మారలేదు. అతనికి పార, జల్లెడ, బియ్యం ఇచ్చే పెట్టుబడిదారుడే రాయి ధరను నిర్ణయించే పద్ధతి కొనసాగింది.

నిరాయుధీకరణ

అసలు నిరాయుధీకరణ 2001 మే 18న కాంబియా, పోర్ట్ లోకో జిల్లాలలో ప్రారంభమైంది. దీని పద్ధతి గమనించదగినది. ప్రభుత్వం, ఆర్.యు.ఎఫ్., ఐక్యరాజ్యసమితి కలిసిన సంఘం ప్రతి నెలా సమావేశమై తరువాతి జిల్లాలను నిర్ణయించేది. ఒక జిల్లాలో ఆర్.యు.ఎఫ్.వారు, ప్రభుత్వం వైపు పోరాడిన కమాజోర్లు ఒకే సమయంలో ఆయుధాలు అప్పగించాలి. దీనివల్ల తాను నిరాయుధుడై ఎదుటివాడు సాయుధుడై ఉంటాడన్న భయం తగ్గింది. వజ్రాల జిల్లా కోనోలో కూడా ఇది పూర్తయింది. యుద్ధం మొదలైన కైలాహున్ జిల్లా చివరి వాటిలో ఒకటి.

మొత్తం 72,000 మందికి పైగా ఆయుధాలు విడిచారు. వీరిలో సుమారు 6,800 మంది పిల్లలు. 2002 జనవరి 18న లుంగీలో సేకరించిన ఆయుధాలను తగలబెట్టి యుద్ధం ముగిసిందని ప్రకటించారు.

ఆయుధం అప్పగించిన పెద్దలకు సుమారు 150 డాలర్ల నగదు, తరువాత కొన్ని నెలల వృత్తి శిక్షణ, పనిముట్లు ఇచ్చారు. వడ్రంగం, తాపీపని, కుట్టుపని వంటివి నేర్పారు. కూలిపోయిన ఇళ్ళు అన్నిచోట్లా ఉన్నా, కట్టించుకునే డబ్బు ఎవరి దగ్గరా లేదు. ఫలితంగా శిక్షణ పొందినవారిలో చాలామంది పనిముట్లను అమ్ముకున్నారు. మకార్టన్ హంఫ్రీస్, జెరెమీ వైన్‌స్టీన్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కార్యక్రమంలో పాల్గొన్నవారు పాల్గొననివారికంటే సమాజంలో బాగా కలిసిపోయారని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదని తేల్చారు. అత్యాచారాలు ఎక్కువగా చేసిన దళాలలో ఉన్నవారిని గ్రామాలు అంగీకరించడం కష్టమైందని కూడా వారు గమనించారు.

ఈ కార్యక్రమంలోని పెద్ద లోపం బాలికలకు సంబంధించినది. నిరాయుధీకరణలో చేరడానికి సాధారణంగా ఆయుధం చూపాలి. ఎత్తుకుపోబడి వంట చేసినవారు, బరువులు మోసినవారు, "భార్యలు"గా ఉంచబడినవారు తుపాకి లేని కారణంగా లెక్కలోకి రాలేదు. వీరిలో చాలామంది పిల్లల తల్లులై, స్వగ్రామానికి వెళ్ళలేక, బంధించినవాడితోనే ఉండిపోయారు. బాలసైనికులను మాత్రం యూనిసెఫ్, స్వచ్ఛంద సంస్థలు తాత్కాలిక కేంద్రాలలో ఉంచి, కుటుంబాలను వెదికి అప్పగించాయి.

సైన్యం, పోలీసు, పాలన

తిరుగుబాట్లకు కారణమైన సైన్యాన్ని బ్రిటన్ శిక్షణ బృందం పునర్నిర్మించింది. సైనికులకు జీతం సకాలంలో అందడం ఇందులో అతి సాధారణమైనా అతి ముఖ్యమైన మార్పు. రెండు వేలకు పైగా మాజీ పోరాటయోధులు, ఒకప్పటి శత్రువులు, ఒకే సైన్యంలో చేరారు. పోలీసు శాఖకు 1999 నుండి 2003 వరకు కీత్ బిడిల్ అనే బ్రిటిష్ అధికారి అధిపతిగా ఉన్నాడు. స్వతంత్ర దేశం తన పోలీసు శాఖను పూర్వపు పాలక దేశస్థుని చేతికి ఇవ్వడం అరుదైన విషయం. స్త్రీలు, పిల్లలపై నేరాల కోసం ప్రత్యేక విభాగాలు ఈ కాలంలోనే ఏర్పడ్డాయి.

2002 మే 14 ఎన్నికలలో కబ్బా 70 శాతం ఓట్లతో గెలిచాడు. రాజకీయ పార్టీగా మారిన ఆర్.యు.ఎఫ్.కు పార్లమెంటులో ఒక్క స్థానం కూడా రాలేదు. 2004లో, 32 సంవత్సరాల తరువాత, స్థానిక మండళ్ళకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి.

న్యాయస్థానం, సత్యాన్వేషణ సంఘం

2000 జూన్‌లో కబ్బా చేసిన విజ్ఞప్తిపై భద్రతా మండలి అంగీకరించగా, 2002 జనవరిలో ఐక్యరాజ్యసమితి, సియెర్రా లియోన్ ప్రభుత్వం కలిసి ప్రత్యేక న్యాయస్థానాన్ని స్థాపించాయి. నేరాలు జరిగిన దేశంలోనే, దేశీయ, విదేశీ న్యాయమూర్తులు కలిసి విచారించడం దీని ప్రత్యేకత. "అత్యధిక బాధ్యత" వహించినవారిని మాత్రమే, అదీ 1996 నవంబరు 30 తరువాతి నేరాలకు మాత్రమే విచారించే అధికారం దీనికి ఉండేది. మొత్తం 13 మందిపై అభియోగాలు నమోదయ్యాయి. లోమే క్షమాభిక్ష తమను ఆపజాలదని 2004 మార్చిలో అప్పీలు విభాగం తీర్పు ఇచ్చింది.

సంకో 2003 జూలైలో నిర్బంధంలోనే అనారోగ్యంతో మరణించాడు. ఆర్.యు.ఎఫ్. నాయకులు ఇస్సా సేసే, మోరిస్ కాలన్, ఆగస్టిన్ గ్బావోలకు వరుసగా 52, 40, 25 సంవత్సరాల శిక్షలు పడ్డాయి. పిల్లలను సైనికులుగా చేర్చుకున్న నేరానికి శిక్ష విధించిన మొదటి అంతర్జాతీయ తీర్పు 2007లో ఈ న్యాయస్థానమే ఇచ్చింది. బలవంతపు వివాహం మానవాళిపై నేరమని గుర్తించింది కూడా ఇదే.

కమాజోర్ల నాయకుడు శామ్ హింగా నార్మన్ అరెస్టు ప్రజలను రెండుగా చీల్చింది. ప్రజాస్వామ్య ప్రభుత్వం కోసం పోరాడినవాడని, అరెస్టు నాటికి మంత్రిగా ఉన్నాడని అభిమానులు వాదించారు. అతని దళాలు కూడా పౌరులను చంపాయన్నది అభియోగం. తీర్పు రాకముందే 2007 ఫిబ్రవరిలో అతడు మరణించాడు.

చార్లెస్ టేలర్ 2003లో పదవి వదిలి నైజీరియాలో ఆశ్రయం పొంది, 2006 మార్చిలో పట్టుబడ్డాడు. భద్రతా కారణాల వల్ల విచారణ హేగ్ నగరంలో జరిగింది. 2012 ఏప్రిల్ 26న దోషిగా తేలి, మే 30న 50 సంవత్సరాల శిక్ష పొందాడు. న్యూరెంబర్గ్ విచారణల తరువాత అంతర్జాతీయ న్యాయస్థానం దోషిగా నిర్ణయించిన మొదటి మాజీ దేశాధినేత ఇతడే. న్యాయస్థానం 2013 చివరలో మూతపడింది.

ఇదే కాలంలో బిషప్ జోసెఫ్ హంపర్ అధ్యక్షతన సత్య, సయోధ్య సంఘం పనిచేసి 2004లో నివేదిక ఇచ్చింది. ఒకచోట చెప్పిన మాట మరొకచోట సాక్ష్యంగా వాడతారేమోనన్న భయంతో మాజీ పోరాటయోధులు కొందరు సంఘం ముందుకు రాలేదు. నార్మన్ బహిరంగంగా సంఘం ముందు మాట్లాడడానికి న్యాయస్థానం అనుమతించలేదు. యుద్ధానికి మూలం వజ్రాలు కాదని, దశాబ్దాల దుష్పరిపాలన అని, వజ్రాలు దానిని కొనసాగించాయని సంఘం నిర్ధారించింది. మరణశిక్ష రద్దు చేయాలన్న దాని సిఫారసు 2021లో అమలైంది.

బాధితులకు పరిహారం

బాధితులకు పరిహారం ఇవ్వాలని లోమే ఒప్పందమే నిధిని ప్రతిపాదించింది. సత్యాన్వేషణ సంఘం అంగచ్ఛేదానికి గురైనవారికి, అత్యాచార బాధితులకు, వితంతువులకు, అనాథలకు పింఛను, ఉచిత వైద్యం, పిల్లలకు చదువు సిఫారసు చేసింది. అమలు మాత్రం 2008లో, అదీ ఐక్యరాజ్యసమితి శాంతి నిర్మాణ నిధి నుండి వచ్చిన సుమారు 30 లక్షల డాలర్లతో మొదలైంది. 30,000 మందికి పైగా బాధితులు పేర్లు నమోదు చేసుకున్నారు. చాలామందికి అందినది ఒకసారి ఇచ్చిన సుమారు 100 డాలర్లు మాత్రమే. పింఛను ఆలోచన నిధులు లేక ఆగిపోయింది.

పోల్చి చూస్తే, ప్రత్యేక న్యాయస్థానానికి 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆయుధం అప్పగించినవాడు 2001లోనే నగదు, శిక్షణ పొందాడు. చేతులు పోగొట్టుకున్నవాడు ఏడెనిమిది సంవత్సరాలు వేచి అంతకంటే తక్కువ పొందాడు. పోరాటయోధులకు ముందుగా ఇవ్వకపోతే యుద్ధం ఆగేది కాదన్న వాదనలో నిజముంది. ఆగిన తరువాత ఇన్నేళ్ళ జాప్యానికి మాత్రం ఆ వాదన సమాధానం కాదు. ఫ్రీటౌన్ వీధులలో యాచిస్తూ జీవించిన అంగవిహీనులు యుద్ధానంతర కాలమంతా కనిపించారు.

దళ ఉపసంహరణ తరువాత

ఉనామ్‌సిల్ దళం ఒక్కసారిగా కాక, ప్రతి దశలో పోలీసు, సైన్యం సామర్థ్యాన్ని పరీక్షించుకుంటూ 2005 డిసెంబరు నాటికి వెళ్ళిపోయింది. దాని స్థానంలో చిన్న పౌర కార్యాలయాలు 2014 మార్చి వరకు పనిచేశాయి. 2006లో ఐక్యరాజ్యసమితి శాంతి నిర్మాణ సంఘం ఏర్పడినప్పుడు అది చేపట్టిన మొదటి రెండు దేశాలు బురుండి, సియెర్రా లియోన్. 2007 ఎన్నికలలో ప్రతిపక్ష నాయకుడు ఎర్నెస్ట్ బాయ్ కొరోమా గెలవగా అధికారం శాంతియుతంగా చేతులు మారింది. 2018లో మరొకసారి అలాగే జరిగి జూలియస్ మాడా బయో అధ్యక్షుడయ్యాడు. ఇతడు 1996లో కొద్దికాలం సైనిక పాలకునిగా ఉండి కబ్బాకు అధికారం అప్పగించినవాడే. ఒకప్పుడు శాంతి దళాలను ఆహ్వానించిన ఈ దేశం డార్ఫూర్, సోమాలియాలకు తన సైనికులను పంపింది.

2014లో వచ్చిన ఎబోలా వ్యాధి పునర్నిర్మాణంలోని ఖాళీలను బయటపెట్టింది. సైన్యం, న్యాయస్థానాలపై పెట్టిన శ్రద్ధ ఆసుపత్రులపై పెట్టలేదు. 14,000 మందికి పైగా వ్యాధి సోకగా 3,956 మంది మరణించారు. వైరస్ జ్వరాల నిపుణుడు డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ కూడా వ్యాధికి బలి అయ్యాడు. కాని ఆ కష్టకాలంలో దేశం మళ్ళీ యుద్ధంలోకి జారలేదు. వ్యాధి నియంత్రణలో క్రమశిక్షణ గల సైన్యం ఉపయోగపడింది.

2022 ఆగస్టు 10న ధరల పెరుగుదలపై జరిగిన నిరసనలలో పోలీసులు, పౌరులు మరణించారు. వివాదాస్పదమైన 2023 ఎన్నికల తరువాత, నవంబరు 26న ఫ్రీటౌన్‌లోని సైనిక శిబిరంపై, జైలుపై సాయుధులు దాడి చేశారు. రెండు వేల మందికి పైగా ఖైదీలు తప్పించుకున్నారు. ప్రభుత్వం దీనిని తిరుగుబాటు యత్నంగా ప్రకటించింది. 2024 జనవరిలో మాజీ అధ్యక్షుడు కొరోమాపై రాజద్రోహ అభియోగం మోపారు. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి జోక్యంతో ఆయన వైద్యం కోసం నైజీరియా వెళ్ళాడు. అదే ఏడు ఏప్రిల్‌లో, నిరుద్యోగ యువకులలో వ్యాపించిన "కుష్" అనే మాదకద్రవ్యం కారణంగా ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. దీనికి బానిసలైనవారిలో చాలామంది యుద్ధం ముగిసిన తరువాత పుట్టినవారు.